తోటివారి చేతిలోని పని

రాజమహేంద్రవరము మొదలు కోనసీమ వఱకు ఏ పాఠశాలలోనైనను, చూపులేని విద్యార్థికి అడ్డుపడునది తఱచు పాఠము కాదు. వరండాలో అడ్డదిడ్డముగా నిలిపిన సైకిలు, సగము తెఱచి విడిచిన తలుపు, నల్లబల్లపై వ్రాసి నోట పలుకని లెక్క. వీనిని చక్కబెట్టుటకు నిధుల మంజూరుతో పనిలేదు, తోటి పిల్లల చేతులు చాలును.

మచిలీపట్నము చెంత సీతారామపురమున చూపులేకయే జన్మించిన బొల్లా శ్రీకాంత్, పల్లెబడిలో వెనుకబల్లకు నెట్టబడి, పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రము చదువుటకై న్యాయస్థానము నాశ్రయించి గెలిచి, అమెరికాలోని ఎం.ఐ.టి. వఱకు సాగిరి. న్యాయస్థానము ప్రవేశము నిప్పింపగలదు గాని, ప్రక్కన కూర్చుండి బల్లమీది వ్రాతను చదివి వినిపించు నేస్తమును నియమింపజాలదు గదా!

అట్టి నేస్తము నేర్వదగిన లిపియు నొకటి కలదు. 1824 నాటికే ఆ ఆరు చుక్కల లిపిని కల్పించిన లూయీ బ్రెయిలీ, పారిస్ అంధపాఠశాలలో పదునైదేండ్ల విద్యార్థియే. ఆ లిపిలో మన తెలుగు వత్తులు అక్షరము క్రిందికి దిగక ఒకే వరుసలో నడచును. చూపుగల పిల్లలు సరదాకైనను దానిని నేర్వవచ్చును. ఇక త్రోవ చూపువారు చేయిపట్టి లాగరాదు; తమ మోచేతిని అందించి, మెట్టు రాకమున్నే చెప్పవలెను.