అరటిబోదెలో చేవ వెతికితే

జగ్గయ్యపేట స్తూపాన్ని కట్టిన బౌద్ధులకు అరటి కేవలం పండు కాదు. సంయుక్త నికాయంలోని ఫేణపిండోపమ సూత్రంలో ఒకడు చేవ కోసం బోదెను పొరపొరగా ఒలుస్తాడు, ఏమీ దొరకదు. మనసులోని సంస్కారాలూ (సంకల్పాలూ) అంతేనంటుంది బౌద్ధం.

ఇక తోటలోని అరటి సంగతి. తినే అరటికి గింజ లేదు, పిలకే వంశం. అంటే అమృతపాణి తోటంతా దాదాపు ఒకే మొక్క. ఫ్యుజేరియం శిలీంధ్రం వేళ్లలో దూరి నాళాలు మూసేసిందా, తోటంతా వాడిపోయే ప్రమాదమే. ఒకప్పటి ఎగుమతుల రారాజు గ్రో మిషెల్ రకాన్ని ఈ శిలీంధ్రం తెచ్చే పనామా తెగులు ఇలాగే కూల్చింది. దాని స్థానంలోకొచ్చిన కావెండిష్‌కిప్పుడు అదే శిలీంధ్రంలోని టీఆర్4 రకం బెడద.

గింజలేనిదాన్ని సంకరపరచడం కష్టం. అందుకే టీఆర్4ను ఎదుర్కొనేందుకు క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞులు అడవి అరటి జన్యువునే కావెండిష్‌లో చేర్చారు. 2024లో ఆస్ట్రేలియా దాన్ని అనుమతించింది.

అది పాత అరటేనా? సృష్టిని మార్చకూడదనేవారు మొక్కకో మారని మూలం ఉందనుకుంటారు. పిలకలను ఏరి, నాటి, అడవి అరటిని ఇంత దూరం తెచ్చింది మనుషులే కదా! బౌద్ధుడైతే మూలాన్ని వదిలేసి, ఎవరి దుఃఖం తగ్గుతుందని అడుగుతాడు. నందిగామ రైతు అడిగేది మాత్రం పిలక ధర.