విడిచిన పాట, వెలువడిన పాట: మరణానంతర సంకలనాల విమర్శలో ఒక నైతిక ప్రశ్న

కళాకారుడు జీవించి ఉండగా వెలువరించని రచనను అతని మరణానంతరం ప్రకటించవచ్చునా అన్న ప్రశ్న సాహిత్య పరిశోధనకు కొత్తది కాదు. దానిని అనుసరించి మరొక ప్రశ్న ఉంది. అలా వెలుగుచూసిన రచనను విమర్శకుడు ఏ దృష్టితో స్వీకరించాలి? అమెరికన్ స్వతంత్ర సంగీతకారుడు ఇలియట్ స్మిత్ (1969–2003) పాటల సంకలనం ‘న్యూ మూన్’ పొందిన ఆదరణ ఆధారంగా ఈ రెండవ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్మిత్ మరణించిన మూడున్నరేళ్లకు, 2007 మే నెలలో, కిల్ రాక్ స్టార్స్ సంస్థ ఈ సంకలనాన్ని విడుదల చేసింది. రెండు డిస్కుల్లో 24 పాటలు ఉన్నాయి. అవి 1994–1997 మధ్య రికార్డయినవి. ‘ఇలియట్ స్మిత్’ (1995), ‘ఈదర్/ఆర్’ (1997) ఆల్బములు రూపొందిన కాలమూ అదే. పాటల్లో అధికభాగం అంతకుముందు వెలువడనివి. స్మిత్ కుటుంబం తరఫున ఆయన రికార్డింగులను భద్రపరుస్తున్న లారీ క్రేన్ వీటిని సమకూర్చాడు. రాబడిలో కొంత భాగం పోర్ట్‌లాండ్‌లో నిరాశ్రయ యువతకు తోడ్పడే అవుట్‌సైడ్ ఇన్ అనే సంస్థకు కేటాయించారు.

సమీక్షకులు ‘న్యూ మూన్’ను విస్తృతంగా మెచ్చుకున్నారు. ఇవి మిగులు పాటల్లా లేవని, స్మిత్ స్వయంగా వెలువరించిన ఆల్బముల సరసన నిలబడగలవని చెప్పడం ఆ మెప్పులో ప్రధానాంశం. కళాపరంగా ఈ అంచనాను తోసిపుచ్చలేము. అయితే ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయే ప్రమాదం ఉంది. పాట బాగుందనడం రసనిర్ణయం. కనుక దానిని వెలువరించడం సబబేననడం నైతిక నిర్ణయం. మొదటిది రెండవదానికి ప్రమాణం కాజాలదు. ఒకరి అనుమతి లేకుండా తీసుకున్న వస్తువు విలువైనదని తేలినంత మాత్రాన అనుమతి దొరికినట్లు కాదు.

దీనికి బలమైన ప్రత్యాక్షేపం ఉంది. వెలువరించకపోవడం నిషేధించడం కాదు. ‘ఈదర్/ఆర్’లో ఉన్నవి 12 పాటలే. ఆల్బమ్ నిడివి, దాని మొత్తం స్వభావం, తర్వాత చూద్దామన్న ఆలోచన వంటి ఎన్నో కారణాల వల్ల మంచి పాట కూడా పక్కకు తప్పుకోవచ్చు. ఈ ఆక్షేపం సమంజసమే. అయితే అది ప్రచురణకర్తకు వెసులుబాటు ఇస్తుందే తప్ప విమర్శకుని బాధ్యతను తగ్గించదు. విసర్జించినది, వాయిదా వేసినది, అసంపూర్ణంగా మిగిలినది అనేవి మూడు వేర్వేరు స్థితులు. ఒక పాట వీటిలో ఏ స్థితికి చెందుతుందో టేపు చెప్పదు. చెప్పగలిగినవాడు లేడు. అందువల్ల ఈ పాటలన్నిటినీ స్మిత్ ఆమోదించిన కృతులుగా పరిగణించడం ఆయన మౌనానికి మనకు నచ్చిన అర్థాన్ని అంటగట్టడమే.

ఈ సంకలనంలోని ‘మిస్ మిజరీ’ తొలి రూపం ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పాటను స్మిత్ వేరే మాటలతో తిరగరాయగా, ఆ రూపం ‘గుడ్ విల్ హంటింగ్’ (1997) చిత్రంలో చేరి ఆస్కార్ ప్రతిపాదన పొందింది. ఇక్కడ కర్త తుది నిర్ణయం మన ముందున్నది. కనుక తొలి రూపాన్ని ఒక దశకు సాక్ష్యంగా వినగలము. తక్కిన పాటల్లో చాలావాటికి అటువంటి తుది రూపం లేదు. వాటికి సాక్ష్యంగా నిలిచే గుణమే ఉన్నది, ప్రకటనగా నిలిచే అధికారం లేదు.

సంకలనంలో వినిపించే ఏకత్వం ఎవరిదన్నది మరొక అంశం. ఏ పాట చేర్చాలి, ఏది దేని తర్వాత రావాలి అన్న నిర్ణయాలు స్మిత్‌వి కావు. ఆ పొందికను ఆయన ప్రతిభకు ఆపాదిస్తే సంకలనకర్త శ్రమ మరుగునపడుతుంది, స్మిత్ చేయని పని ఆయన ఖాతాలో చేరుతుంది.

తెలుగు పరిశోధకునికి ఈ వివేచన పరిచితమే. ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు (1897), మలి కూర్పు (1909) రెండూ గురజాడ జీవితకాలంలో ఆయన చేతి మీదుగా వచ్చినవే. వాటిని పోల్చడమంటే కర్త చేసిన రెండు నిర్ణయాలను పోల్చడం. అసంపూర్ణంగా మిగిలిన ‘బిల్హణీయం’ విషయం వేరు. దానిని చదవవచ్చు, చదవాలి కూడా. కానీ పూర్తయిన నాటకాన్ని తూచిన త్రాసులో దానిని తూచడం న్యాయం కాదు.

‘ఈదర్/ఆర్’ అన్న పేరును స్మిత్ డేనిష్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ 1843లో ప్రకటించిన గ్రంథం నుంచి తీసుకున్నాడు. ఆ గ్రంథమే ఒక కల్పిత సంపాదకుని పీఠికతో మొదలవుతుంది. పాత బల్లలో దొరికిన పరాయివారి కాగితాలను అతడు అచ్చు వేయిస్తున్నాడు. తనకు ఆ అధికారం ఉన్నదా అని తర్కించుకుంటాడు, గ్రంథానికి పేరు పెట్టినది తానేనని చెప్పుకుంటాడు. మరణానంతర సంకలనాలను ఆదరించే విమర్శకు కావలసినది ఈ నిజాయితీయే. ఏది కర్తది, ఏది సంకలనకర్తది, ఏది శ్రోత ఆశ అన్నది విడమరచి చెప్పిన తర్వాత చేసే ప్రశంస పాటనూ గౌరవిస్తుంది, దానిని విడిచిపెట్టిన మనిషినీ గౌరవిస్తుంది.