జరుగక మునుపే అడ్డుపడుట న్యాయమా?

చదువవలసిన భాగము: ఆదికాండము 20వ అధ్యాయము



గెరారు రాజైన అబీమెలెకు శారాను తన యింటికి పిలిపించుకొనెను. ఆమె మరియొకని భార్య యని అతడెరుగడు. అతడామెను ముట్టక మునుపే దేవుడు రాత్రివేళ స్వప్నమందు అడ్డుపడెను. పాపము జరుగనిచ్చి తరువాత శిక్షింపవచ్చును గదా! ఆయన అట్లు చేయలేదు. ఈ అధ్యాయమును మనము అబ్రాహాము బొంకును గూర్చి మాత్రమే చదివి విడిచిపెట్టుచున్నాము.

మన న్యాయస్థానములకును ఇట్టి అధికారమొకటి కలదు. 18 ఏండ్లు నిండని బాలికకు గాని 21 ఏండ్లు నిండని బాలునికి గాని పెండ్లి కుదిరినదని తెలిసి, అది నిజమని తోచినయెడల, మేజిస్ట్రేటు దానిని ఆపుచు ఉత్తరువు ఇయ్యవలెనని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము 13వ సెక్షను చెప్పుచున్నది. ఎవరైనను వెళ్లి తెలుపవచ్చును. అక్షయ తృతీయ వంటి దినములలో గుంపులుగా జరుగు పెండ్లిండ్లను ఆపుటకు కలెక్టరుగారినే బాధ్యునిగా చేసినది. 2024లో ఆ పండుగకు ముందు రాజస్థాన్ హైకోర్టు, ఊరిలో బాల్యవివాహమును ఆపని సర్పంచులు బాధ్యులగుదురని హెచ్చరించెను.

ఉత్తరువును మీరి చేసిన పెండ్లి మొదటినుండియే చెల్లదు. మీరినవారికి రెండేండ్ల వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జుల్మానా, లేక రెండును. ఉత్తరువు లేకయే పెండ్లి జరిగిపోయినయెడల, సాధారణముగా ఆ పిల్ల పక్షమున కోర్టుకు వెళ్లి రద్దు చేయించువరకు అది నిలిచియే యుండును. పదునైదేండ్ల పిల్ల అత్తవారింటినుండి కోర్టు మెట్లెక్కునా?

“ఇంకను ఏ నేరమును చేయలేదే, మా మీద ఉత్తరువేమి?” అని తండ్రి అడుగును. అడుగదగిన ప్రశ్నయే. అబీమెలెకు చెప్పుకొన్నది దేవుడును వినెను. మేజిస్ట్రేటు కూడ ముందుగా నోటీసు ఇచ్చి వారి మాట వినవలెను. తొందర యున్నప్పుడు మాత్రమే నోటీసు లేకుండ తాత్కాలికపు ఉత్తరువు. పిల్లకు ఏండ్లు నిండినవని రుజువైతే దానిని కొట్టివేయవచ్చును. పగతో తప్పుడు కబురు చెప్పువాడు మాత్రము దేవునియెదుట దోషియే.

ఆ తండ్రిని దుష్టుడనకుడి. పాలమూరునుండి కూలికి బొంబాయి, పూనా పోవు దంపతులు ఎదిగిన పిల్లను ముసలమ్మ వద్ద విడిచి నిద్రపోగలరా? పెండ్లి చేసిన భారము దీరునని వారి తలంపు. అబీమెలెకు కూడ యథార్థ హృదయముతోనే చేసెను. అయినను ఆపబడెను.

ఉత్తరువొక్కటే చాలునా? 2016 డిసెంబరులో అప్పటి ఉమ్మడి హైకోర్టు సంక్రాంతి కోడిపందెములను ఆపవలెనని ఉత్తరువిచ్చెను. 2017 సంక్రాంతికి గోదావరి జిల్లాలలో బరులు వెలయనే వెలసినవి. ఊరంతయు కూడి చూడవచ్చిన దానిని కాగితము ఆపజాలదు.

పెండ్లికిని ఊరంతయు కూడును, మన సంఘమును కూడును. అనేక సంఘములలో మూడు ఆదివారములు పెండ్లి ప్రకటన చదివి, అభ్యంతరమున్నవారు చెప్పవలెనని అడుగుదురు. అదియు జరుగక మునుపే ఆపుటకు పెట్టిన ఏర్పాటే. పిల్ల ఎనిమిదవ తరగతి యని ఎరిగిన పదిమంది ఆ సమయమున తల వంచుకొని కూర్చుందురు. తరువాత భోజనపు బంతిలోను కూర్చుందురు. అట్టి పెండ్లిని జరిపించిన పాదిరిగారికి కూడ శిక్ష యున్నదని 10వ సెక్షను చెప్పుచున్నది. గనుక ప్రకటన చదువక మునుపే పెద్దలు పిల్ల బడి సర్టిఫికేటు చూడవలెను. తండ్రితో ఏకాంతముగా మాటలాడవలెను. వినని పక్షమున 1098కి ఫోను చేయుటకు వెనుదీయకూడదు.

పెండ్లి ఆగిన మరునాడు ఆ తలిదండ్రులు మరల బస్సెక్కవలెను గదా. పిల్లను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములో చేర్చుటకు ఎవరు తోడు వెళ్లుదురు? సెలవులలో ఆమె ఎవరింట నుండును? ఈ నెల పెద్దల కూడికలో ఈ రెండు ప్రశ్నలకు పేర్లు వ్రాసికొనుడి.