వయసా? వ్యాధా?



గుడికి రాలేని పెద్దల ఇళ్లకు మొదటి శుక్రవారంనాడు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లడం విచారణ గురువులకు అలవాటైన పని. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో డెబ్బై దాటిన ఒక అమ్మ ఉండేది. నేను వెళ్లేసరికి మంచం అంచున కూర్చుని గోడవైపు చూస్తూ ఉండేది. "దేవుడు నన్నింకా ఎందుకు ఉంచాడు ఫాదర్?" అని అడిగేది. అన్నం సగంలో వదిలేసేదట. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేదట. కొడుకుని అడిగితే, "వయసైపోయింది కదా ఫాదర్, అంతే" అన్నాడు. నేనూ తల ఊపాను. "అంతా దైవచిత్తం అమ్మా, ఓర్చుకో, జపమాల చెప్పుకో" అని దీవించి వచ్చేశాను. ఇలా ఆరేడు నెలలు గడిచాయి.

తరువాత పట్నంలో నర్సుగా పనిచేస్తున్న మనవరాలు సెలవుల్లో వచ్చింది. నాయనమ్మను చూసి, రెండో రోజే తనతో తీసుకువెళ్లింది. రక్తపరీక్షలు చేయించి, మానసిక వైద్యునికి చూపించింది. డాక్టరుగారు డిప్రెషన్ అని చెప్పి మందులు రాశారు. రెండు నెలలు గడిచాక ఒకరోజు ఆ అమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ కనిపించింది. నన్ను చూసి, "నాకు రోగమని మీకూ తెలియలేదా ఫాదర్?" అని నవ్వింది. ఆమె తేలికగానే అంది. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ తేలిక కాలేదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఓర్పు గురించి మాకు ఒక భేదం నేర్పారు. మార్చలేని బాధను భరించడం సుగుణం. మార్చగలిగిన బాధను ఊరికే భరించడం సుగుణం కాదు. వినడానికి ఇది సులువే. అయితే ఏది మార్చలేనిదో, ఏది మార్చగలిగినదో ముందు తెలుసుకోవాలి కదా? ఆ విచారించే బాధ్యతను నేను దాటవేశాను. ఆమె బాధను ఆమె ఓర్చుకుంటే అది ఓర్పు. ఆమె బాధను నేను ఓర్చుకుంటే దాని పేరు అలక్ష్యం. మనం ఎదుటివారి బాధను ఎంత సులభంగా ఓర్చుకుంటామో ఒక్కసారి ఆలోచించండి.

"వయసైపోయింది" అనే మాట కింద ఎన్ని జబ్బులు దాగి ఉంటాయో డాక్టర్లను అడిగితే తెలుస్తుంది. పెద్దల్లో డిప్రెషన్ ఎప్పుడూ ఏడుపుగా బయటపడదు. ఒళ్లు నొప్పులు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఒక్కోసారి మతిమరుపు. ఇలా వస్తుంది. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బి12 తగ్గినా మనసు మందగిస్తుంది. వీటన్నిటికీ వైద్యం ఉంది. నిన్నటిదాకా బాగున్న తాతగారు రెండు మూడు రోజుల్లోనే తికమకగా మాట్లాడుతూ, లేనివాళ్లు కనబడుతున్నారంటే, అది వయసూ కాదు, గాలి సోకడమూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా వేసుకున్న మాత్రలు, ఇలాంటివి కారణం కావచ్చు. డాక్టర్లు దీనిని డెలీరియం అంటారు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మందుల షాపులో చీటీ లేకుండా కొనితెచ్చే నిద్రమాత్రలు పెద్దలను మరింత మగతలో ముంచి, కింద పడేస్తాయి. చెవుడు కూడా చిన్న విషయం కాదు. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిదిద్దుకోగల కారణాలను 14గా గుర్తించిన 2024 నాటి లాన్సెట్ కమిషన్ నివేదికలో వినికిడి లోపం కూడా ఉంది.

పొరబడింది మన ఊళ్లే కాదు. గోవాలో కొందరు పరిశోధకులు వృద్ధుల మనోవ్యాధుల గురించి ప్రజలు ఏమనుకుంటున్నారో విచారించి 2001లో ప్రచురించారు. మతిమరుపునూ దిగులునూ అక్కడివారు చక్కగానే గుర్తుపట్టారు. కానీ వాటిని జబ్బులనుకోలేదు. ముసలితనం అనుకున్నారు, లేదా పిల్లలు సరిగా చూడకపోవడం వల్ల వచ్చినవనుకున్నారు. కనబడకపోవడం కాదు, కనబడినదానికి తప్పు పేరు పెట్టడమే ఇక్కడ చిక్కు.

అదే గోవాలో మరో పని జరిగింది. దిగులు కొద్దికొద్దిగా కనబడుతున్నా ఇంకా జబ్బుగా ముదరని 181 మంది పెద్దలను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపు దగ్గరకు, డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులు వెళ్లారు. సమస్యను ఎలా విడదీసి చూడాలో, నిద్రను ఎలా సరిచేసుకోవాలో, షుగరును ఎలా అదుపులో పెట్టుకోవాలో, రావలసిన ప్రభుత్వ సాయం ఎలా అడగాలో మాట్లాడారు. ఏడాది తిరిగేసరికి ఆ గుంపులోని 91 మందిలో 4గురికి డిప్రెషన్ వచ్చింది. మామూలుగా చూసుకున్న 90 మందిలో 13 మందికి వచ్చింది. ఈ ఫలితం 2019లో వెలువడింది. మందులు అవసరమైనవారికి మందులు ఇవ్వవలసిందే. కానీ జబ్బు ముదరకముందు సాయపడగల చేతులు మన విచారణల్లో లేవా?

"అసలైన మతిమరుపు జబ్బుకు మందు లేదు కదా ఫాదర్, ఇక డాక్టరు ఎందుకు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆల్జీమర్స్ జబ్బును మొదట వర్ణించింది 1906లో. నేటికీ దానిని పూర్తిగా నయం చేసే మందు లేదు. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన ఒక అంచనా. ఇక్కడ ఓర్పు నిజంగానే అవసరం. అయితే నయం కాకపోవడం వేరు, చేయడానికి ఏమీ లేకపోవడం వేరు. డిమెన్షియా ఉన్నవారి ఇళ్లకు శిక్షణ పొందినవారు వెళ్లి సలహా చెబితే, వారిని చూసుకునేవారి మనోభారం తగ్గిందని కూడా గోవాలోనే 2008లో తేల్చారు. రాత్రంతా మేలుకొని అత్తగారిని కనిపెట్టుకొని, పొద్దున్నే కూలికి వెళ్లే కోడలి మనసు కూడా ఈ ప్రశ్నలో భాగమే.

"అమ్మ నన్ను గుర్తుపట్టదు, ఇక వెళ్లి ఏం లాభం?" అనేవారూ ఉన్నారు. ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ 17వ శతాబ్దంలో జ్ఞాపకమే వ్యక్తిని వ్యక్తిగా నిలుపుతుందన్నట్లు వాదించాడు. అదే నిజమైతే జ్ఞాపకం పోయిన తల్లి ఇక ఆ తల్లి కాదు. దానికి వెయ్యేళ్లకు పైగా ముందే బొయీతియుస్ అనే తత్త్వవేత్త మరోలా చెప్పాడు. మనిషిని వ్యక్తిగా చేసేది వివేకం గల స్వభావం. అంటే, ఆ వివేకం ఈ రోజు పనిచేస్తున్నదా లేదా అన్నది కాదు. నిద్రపోతున్న మనిషి మనిషి కాకుండా పోడు కదా! ఆమెకు మనం గుర్తులేకపోవచ్చు. ఆమె ఎవరో మనకు గుర్తుంది. సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం మూడవ అధ్యాయం కూడా, తండ్రికి మతి తప్పినా అతనిని చిన్నచూపు చూడవద్దని కుమారునికి చెబుతుంది. అంటే నాల్గవ దైవాజ్ఞకు మతి తప్పడం మినహాయింపు కాదు.

ఆటంకాలు నాకు తెలియనివి కావు. పెద్దామెను పట్నం తీసుకువెళితే రెండు రోజుల కూలి పోతుంది. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని ఇరుగుపొరుగు అంటారు. మనవరాలి పెళ్లి సంబంధం చెడుతుందేమోనని భయం. ఎర్రగడ్డ పేరు, విశాఖ పేరు మనం ఎగతాళికి వాడుకున్నంతకాలం ఈ భయం పోదు. ఆ ఎగతాళి ముందు మన నోటినుంచి మానుకోవాలి.

చట్టం మాత్రం పెద్దల పక్షాన ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా మనోవైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. ఈ రెండు నంబర్లూ గుడి నోటీసు బోర్డు మీద రాసిపెట్టడానికి ఒక సుద్దముక్క చాలు.

నేను ఇప్పుడు ఇళ్లకు వెళ్లినప్పుడు దీవెన ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? ఇదివరకు ఇష్టపడిన పని ఇప్పుడూ ఇష్టంగా ఉందా? చచ్చిపోవాలనిపిస్తోందా? చివరి ప్రశ్న అడగడానికి మొదట నాకు జంకుగా ఉండేది. అడిగితే లేని ఆలోచన పుట్టదని, మోస్తున్న భారం చెప్పుకునే దారి దొరుకుతుందని తెలిసింది. అవునన్నవారిని ఒంటరిగా వదిలిపెట్టకుండా, ఇంటివారితో చెప్పి డాక్టరు దగ్గరికి పంపిస్తున్నాను. జపమాల చెప్పుకోమని ఇప్పుడూ అంటాను, కానీ డాక్టరు దగ్గరికి వెళ్లవద్దన్న అర్థం వచ్చేలా కాదు.

ఈ ఆదివారం పూజ ముగించి ఇంటికి వెళ్లాక, మీ ఇంట్లో మంచం అంచున కూర్చున్నవారి పక్కన మీరూ కాసేపు కూర్చోండి. ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబు విన్న తరువాత, దయచేసి, "వయసైపోయింది" అని మాత్రం అనకండి.