అన్యదేవతలు వాస్తవముగా ఎవరు?

ధ్యానభాగము: 1 కొరింథీ 8:4-6; 10:19-21

జంషెడ్‌పూర్ నగరములో, సువర్ణరేఖా నదీతీరమున భుయ్యాడీహ్ అను పేట గలదు. ఉక్కు కర్మాగారము నిమిత్తము ఆ నగరమునకు తెలుగువారు అనేకులు వలసవచ్చిరి. వారికి పూర్వమే ఆ ప్రాంతమున సంతాలులు, హోలు, భూమిజులు నివసించుచుండిరి. సంతాలులు వసంతమున సాలవృక్షముల తోపులో బాహా పండుగ చేసి, మరాంగ్ బురు మొదలగు బోంగాలను కొలుతురు. మరాంగ్ బురు అనగా మహాపర్వతము. పొరుగువారి ఈ దేవతలు వాస్తవముగా ఎవరు? అచ్చటి క్రైస్తవుడు ఈ ప్రశ్నను తప్పించుకొనజాలడు.

ప్రాచీన గ్రీకు లోకములోను ఈ ప్రశ్న పుట్టెను. దేవతలు పూర్వము జీవించిన రాజులేయని క్రీ.పూ. 300 ప్రాంతమున యుహెమెరస్ చెప్పెను. ప్రకృతిశక్తులకు పెట్టిన పేర్లని స్తోయికులనిరి. దయ్యములేయని క్రీ.శ. రెండవ శతాబ్దమున జస్టిన్ వాదించెను.

పౌలు రెండు మాటలు చెప్పెను: విగ్రహము వట్టిది, అయినను దానికర్పించు బలి దయ్యములకే చెందును. ఇవి పరస్పర విరుద్ధములు కావు. ఆ పేరు వెనుక రెండవ దేవుడెవడును లేడు. పర్వతము నిర్దోషియే, అది దేవుని చేతిపని. అయితే సృష్టికర్తకు చెందిన మహిమను సృష్టికిచ్చినచోట నరుడు దాస్యమునకు లోబడును. శత్రువు ఆ దాస్యమునే వాడుకొనును.

అట్లని పొరుగువాని వెదకులాటయంతయు అంధకారమనరాదు. 1871లో నార్వే మిషనరీ స్క్రెఫ్స్‌రూడ్, కొలియాన్ అను సంతాలు వృద్ధుని నోట పూర్వుల గాథలను వ్రాసికొనెను. అవి 1887లో ప్రచురింపబడెను. సృష్టికర్తయైన ఠాకుర్ జ్ఞాపకము వాటిలో నిలిచియున్నది. లుస్త్రలో పౌలు ద్యుపతి భక్తులను పరిహసింపలేదు. వారికి వర్షమును, ఫలవంతమైన ఋతువులను దయచేసినవానినే చూపెను. తెలుగు విశ్వాసి పలుకు ‘దేవుడు’ అను మాటయు మునుపు వేదకాలపు దేవతలకు చెందినదే గదా!

ధనాపేక్షయు విగ్రహారాధనయేయని కొలొస్సయులకు వ్రాయబడినది. సాలవృక్షముల తోపును చూచి నవ్వి, ఇంటికి వచ్చి కుమారుని కట్నమును లెక్కించు క్రైస్తవుడు ఏ దేవతను కొలుచుచున్నాడు? ఆ దేవతకు తోపులేదు, రాయిలేదు. అయినను బలి మాత్రము తప్పదు. మొదట దానిని విడిచినవాడే పొరుగువానితో జీవముగల దేవునిగూర్చి ధైర్యముగా మాటలాడగలడు.