పెండ్లి విందులో లెక్క: లోభమా, ధర్మమా?

వివాహము రెండు కుటుంబముల కలయిక. ఆ కలయికకు విందు సాక్షి. పెండ్లికి వచ్చినవారు ఆకలితో మరలిపోరాదన్నది తెలుగు ఇండ్లలో తరతరములుగా నిలిచిన మాట. అయితే అమెరికాలో స్థిరపడిన ఫిజీ తెలుగు కుటుంబములలో నేడొక ప్రశ్న తరచుగా తలయెత్తుచున్నది. వచ్చువారిని ముందుగా లెక్కించి వండించుట లోభమా, ధర్మమా?

1987 నాటి ఫిజీ సైనిక తిరుగుబాటుల పిమ్మట అనేక కుటుంబములు కాలిఫోర్నియాకు తరలివచ్చి శాక్రమెంటో, హేవర్డ్, మోడెస్టో ప్రాంతములలో నివాసమేర్పరచుకొన్నవి. ఫిజీ పల్లెలలో పెండ్లియన్న ఇంటి ముంగిట పందిరి వేసి, ఇరుగుపొరుగువారే కూరలు తరిగి, కట్టెలపొయ్యిపై పెద్ద పాత్రలలో వండెడివారు. పదిమంది అదనముగా వచ్చినచో మరల ఎసరు పెట్టెడివారు. కాలిఫోర్నియాలో విందు అద్దె హాలులో జరుగును. అందెందరు ఉండవచ్చునో గోడపైననే వ్రాసియుండును. వంట కంట్రాక్టరు కొన్ని దినములు ముందుగనే అతిథుల సంఖ్య అడిగి, ప్లేటుకింతయని ధర కట్టును. రాని అతిథి ప్లేటుకును సొమ్ము చెల్లింపక తప్పదు. అందుచేత శుభలేఖలో జవాబు కోరుదురు. అది చూచి పెద్దలు నొచ్చుకొందురు. బంధువును పిలుచుటకు బదులు టిక్కెట్టు ఇచ్చినట్లు వారికి తోచును.

ఆ నొప్పి వెనుక చరిత్ర కలదు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి దక్షిణదేశపు కూలీలు ఫిజీకి ఓడలెక్కిరి. గిర్మిట్ ఒప్పందము ప్రకారము తోట చేరిన తొలి ఆరు మాసములు యజమాని కొలిచియిచ్చిన రేషనే వారి ఆహారము. పండ్రెండేండ్లు నిండిన ప్రతివ్యక్తికి దాని వెల దినమునకు 4 పెన్నీలు. పురుషుని దినకూలి 12 పెన్నీలు, స్త్రీ కూలి 9 పెన్నీలు. నిర్ణయించిన పని ముగిసినగాని ఆ కూలియైనను పూర్తిగా దక్కదు. 1920 జనవరి 1వ తేదీతో గిర్మిట్ ముగిసినది. కొలిచిన తిండి తిన్నవారి సంతతి కొలువని వడ్డననే గౌరవముగా ఎంచుటలో ఆశ్చర్యము లేదు.

అయినను కొలతలన్నియు ఒక్కటి కావు. పని నడచుటకు ఎంత చాలునని యజమాని కొలిచెను. ఆకలి తీరుటకు ఎంత కావలెనని గృహస్థు కొలుచును. తల్లియు ఎసరు పెట్టుటకు ముందు ఇంటిలోని వారిని లెక్కించును. ఆమెను లోభియని ఎవరును అనరు. లెక్కలో దోషము లేదు. ఎవరి మేలుకొరకు లెక్కించుచున్నారన్నదే విచారింపదగినది. మహాభారతములోని అక్షయపాత్రకును ఒక మేర కలదు. ద్రౌపది భుజించువరకే అది అన్నమిచ్చును. కనుక అందరును తినిన పిదపనే ఆమె తినెడిది. గృహస్థధర్మమంతయు ఆ వరుసలో ఇమిడియున్నది.

లెక్కలేని వడ్డన ఎల్లప్పుడు ఔదార్యము కాదు. అమెరికాలో ఆహారపు సరఫరాలో 30 నుండి 40 శాతము వృథాయగుచున్నదని ఆ దేశపు వ్యవసాయశాఖ అంచనా. అతిథి తినలేనంతగా బల్లలపై పేర్చిన వంటకములు అతిథి కొరకు కావు, చూచువారి కొరకు. వాటికై చేసిన అప్పును విందు మరచిన తరువాతను తల్లిదండ్రులే తీర్చవలెను.

కావున లెక్క వేయుట తగును. అయితే ఆ లెక్కకై పడు శ్రమ గృహస్థునిదే. జవాబు వ్రాయని పెద్దలకు ఫోను చేసి, "మీరు వచ్చుచున్నారు గదా, మీతో ఎవరెవరు వచ్చుచున్నారు?" అని మర్యాదగా అడుగవలెను. పప్పు, కూరలు, పూరీలు ఉన్న విందులో కిలో బియ్యము ఎనిమిది నుండి పదిమందికి సరిపోవును. రెండువందలమందికి 20 నుండి 25 కిలోలు. చిన్నపిల్లలకు సగము చాలును. వచ్చెదమన్నవారికి మించి కొన్ని భోజనములును, కొన్ని కుర్చీలును పిలువకయే వచ్చు బంధువుకై విడువవలెను. ఆ కుర్చీలు హాలు పరిమితికి లోబడియుండవలెను గనుక పిలుపులే ఆ మేరకు తగ్గించుకొనుట వివేకము. జాబితాలో పేరు లేదని వృద్ధబంధువును గుమ్మమునుండి పంపివేసినచో, మిగిల్చిన సొమ్ము ఆ అవమానమును తీర్చదు.

పానీయముల న్యాయము వేరు. మంచినీరు, పండ్లరసము, తేనీరు కొరత పడరాదు. యంగోన గిన్నె చుట్టు కూర్చుండుట స్నేహమునకే. మద్యము పోయువారు మాత్రము గరిష్ఠపరిమితి ముందుగనే నిర్ణయింపవలెను. విందు ముగిసిన పిమ్మట అతిథులు కారు నడుపుకొని ఇండ్లకు పోవలెను గదా! అన్నము చాలకపోవుట గృహస్థునకు కొరత. మద్యము చాలకపోవుట కొరత కాదు.

ఎంత జాగ్రత్తపడినను కొంత మిగులును. వండిన పదార్థము బయట రెండు గంటలకు మించి ఉంచరాదు. ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటినచో ఒక్క గంటయే. వడ్డింపక భద్రపరచిన అన్నమును సద్భావముతో సేవాసంస్థలకు ఇచ్చువారికి 1996 నాటి అమెరికా చట్టము రక్షణ నిచ్చుచున్నది. ఏ సంస్థ స్వీకరించునో పెండ్లికి ముందే కనుగొనవలెను.

గిర్మిట్ నాటి కొలత మనిషిని తగ్గించినది. పెండ్లింటి కొలత మనిషిని నిలుపవలెను. చివరి అతిథి తినిన పిదప గృహస్థు విస్తరి ముందు కూర్చుండగలిగినచో ఆ లెక్క సరియైనదే. అట్టి పెండ్లిండ్లు ప్రతి ఇంటను జరుగుగాక!