ముప్ఫై నిండకముందే

తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ మరుసటి ఏడాదే ప్లూరసీ వచ్చింది. ఊపిరితిత్తుల పొరకి వచ్చే జబ్బు. ఆట అక్కడితో ఆగిపోయింది, అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. చనిపోయింది 2023 ఫిబ్రవరిలో. అంటే పెద్ద ఆటగాడిగా బతికింది పదేళ్లలోపు, మాజీ ఆటగాడిగా బతికింది దాదాపు 60 ఏళ్లు.

దీన్ని కెరీర్ అనొచ్చా?

అమీర్‌పేట్ లెక్కలో అయితే అనకూడదు. మైత్రివనం చుట్టుపక్కల బోర్డులన్నీ ఒకటే మాట చెప్తాయి: ఇప్పుడు కొన్ని నెలలు కష్టపడు, తర్వాత ముప్ఫై ఏళ్లు నిశ్చింత. ఇవాళ్టికి సొంత విలువ ఏమీ లేదు, రేపటికి కట్టే వాయిదా మాత్రమే. నేనూ ఆ లెక్కలోంచి వచ్చినవాణ్ణే, దాన్ని వెక్కిరించను. నా ఈఎమ్ఐలు కడుతున్నది అదే.

కానీ ఆ మధ్య మా బాబాయి ఫోన్ చేశాడు. వాళ్ల అబ్బాయి హాకీ ఆడతాడు, బాగానే ఆడతాడు. "ఒరేయ్, వాడు నీ మాటైతే వింటాడు. ఆట మానేసి ఏదైనా కోర్సులో చేరమని చెప్పరా. ఎన్నాళ్లుంటుంది ఆ ఆట? రేపు మోకాలు పోతే ఎవడు చూస్తాడు?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మనం ఎప్పుడూ రెంటినీ కలిపేస్తాం.

మొదటిది, ఎన్నాళ్లుంటుంది అని. కొద్దికాలమే ఉన్నంత మాత్రాన అది వృథా ఎలా అవుతుంది? ప్లూరసీ బలరామ్ నుంచి ఆడాల్సిన ఆటల్ని లాక్కుంది. హంగరీ మీద కొట్టిన గోల్‌ని మాత్రం లాక్కోలేకపోయింది. జరిగినదాన్ని జరగలేదని చేసే శక్తి ఏ జబ్బుకీ లేదు. ఆ మాటకొస్తే మా టెక్నాలజీలు మాత్రం ఎన్నాళ్లుంటున్నాయి?

అయితే తేడా ఒకటుంది. నా టెక్నాలజీ పాతబడితే పక్క సందులో కొత్తది నేర్చుకుంటాను. మోకాలికి అలాంటి సందు లేదు. అమీర్‌పేట్ తర్వాతి మెట్రో స్టేషనే పంజగుట్ట, అక్కడ నిమ్స్ ఆస్పత్రి. ఒక స్టేషన్‌లో భవిష్యత్తుకి ఫీజు కడతాం, తర్వాతి స్టేషన్‌లో శరీరం పంపిన బిల్లు కడతాం. అందుకే బాబాయి రెండో ప్రశ్న తేలిగ్గా కొట్టేసేది కాదు. ఎవడు చూస్తాడు?

ఒకప్పుడు ఈ ఊరి దగ్గర దీనికి కొంత జవాబుండేది. రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బలరామ్ చివర్లో ఆడింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి. పోలీసు శాఖ, రైల్వే లాంటి చోట్ల ఆటకి ఉద్యోగం తోడుండేది. గొప్ప జీతం కాకపోవచ్చు. ఆట ఆగినా నెల ఆగదు, అంతే.

డబ్బు బాగా ఇస్తే చాలదా అంటే, ఐస్ హాకీ వైపు చూడాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో డెరెక్ బూగార్డ్ 277 మ్యాచ్‌లు ఆడి మూడంటే మూడు గోల్స్ కొట్టాడు. అతని అసలు పని పిడిగుద్దులు. జీతం లక్షల డాలర్లలో ఉండేది. 2011లో నొప్పి మాత్రలు, మద్యం కలిసి ప్రాణం తీశాయి. వయసు 28. తర్వాత మెదడుని పరీక్షిస్తే, పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే సీటీఈ అనే జబ్బు బయటపడింది. అతనికి ముట్టింది దెబ్బల ఖరీదు. ఖరీదు కట్టడం వేరు, చూసుకోవడం వేరు.

గోల్ పడినప్పుడు లేచి కేకలేసేది మనందరం. మోకాలు పోయినప్పుడు మిగిలేది ఆ ఇల్లొక్కటే. తప్పు ఈ పంపకంలో ఉంది. ఆటని ఎంచుకున్న పిల్లవాడిలో లేదు, భయపడే తండ్రిలోనూ లేదు.

బాబాయితో నేను చెప్పగలిగింది చిన్న మాట. "మానెయ్యమని చెప్పను బాబాయ్. వాడి డిగ్రీ ఫీజు, దెబ్బ తగిలితే ఫిజియో ఖర్చు నాకొదిలెయ్." ఒక శాఖ చెయ్యాల్సిన పనికి ఒక అన్న జీతం ఏ మూలకి? చాలదని తెలుసు. కానీ ఆడమని అనే హక్కు నాకు రావాలంటే, ముందు కట్టాల్సింది అదే.